నీళ్లూ కరెంటూ కలిపి పీహెచ్‌డీ చేయాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సాయిల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేశారు. సొంతూరు నల్గొండ వైపు. బోర్ల కింద యాసంగి వరి, ఉచిత కరెంటు, అడుగంటుతున్న భూగర్భ జలాలు, ఈ మూడూ కలిపి పీహెచ్‌డీ చేయాలని ఉంది. సైన్స్ వైపు గైడ్ ‘ఇది ఎకనామిక్స్ కదా’ అన్నారు. ఎకనామిక్స్ వైపు గైడ్ ‘ఇందులో హైడ్రాలజీ ఎక్కువైంది’ అన్నారు. రెండూ కలపొచ్చా, కలిపితే ఎక్కడ చేరాలి, రేపు ఉద్యోగం మాటేమిటి అని అడిగారు.

కలపొచ్చు. నేను అలా కలిపి చేసినవాణ్నే. ఆ తర్వాత రాజేంద్రనగర్, పటాన్‌చెరు చుట్టుపక్కల సంస్థల్లో ఇలాంటి అంశాలు ఎంచుకున్న పిల్లలకు కమిటీ సభ్యుడిగా, గైడ్‌గా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ ఇద్దరు గైడ్ల మాటనూ తేలిగ్గా తీసుకోకండి. వాళ్లు ఒకటే భయపడుతున్నారు. సగం సైన్స్, సగం పాలసీ రాసి, రెండింటినీ ఒకే అట్టలో బైండ్ చేయించి తెస్తారేమోనని. అలాంటి థీసిస్‌లు నిజంగానే వస్తాయి. మొదటి మూడు చాప్టర్లలో నేల పరీక్షలు, చివరి చాప్టర్‌లో ‘ప్రభుత్వం ఇలా చేయాలి’ అని సూచనలు. ఆ సూచనలకూ ముందున్న పరీక్షలకూ సంబంధం కనిపించదు. దాన్ని ఏ ఎగ్జామినరూ మెచ్చుకోడు.

మరి ఎలా కలపాలి? ప్రభుత్వ నిర్ణయం ఏదైనా ఎక్కడో ఒకచోట ప్రకృతికి సంబంధించిన ఒక అంకె మీద నిలబడి ఉంటుంది. ఆ అంకె ఎక్కడ పుట్టింది, ఎంత నమ్మదగింది, అది మారితే నిర్ణయం ఎంత మారుతుంది అనే చోటే మీ థీసిస్ ఉండాలి. సైన్స్ వాళ్లు ఆ అంకెను తయారుచేసి పక్కన పెడతారు. పాలసీ వాళ్లు దాన్ని సిద్ధంగా దొరికిన సరుకులా వాడుకుంటారు. మధ్యలో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మీకు చోటు అక్కడుంది.

మీ అంశంతోనే చూపిస్తాను. మన దగ్గర భూగర్భ జలాల లెక్క మండలాలవారీగా కడతారు. ఏడాదికి తోడుకోగల నీటిలో 70 శాతం లోపు తోడితే ఆ మండలం సురక్షితం. 70 నుంచి 90 వరకు ఒక మెట్టు, 90 నుంచి 100 వరకు ఇంకో మెట్టు, 100 దాటితే ‘అతిగా తోడేస్తున్న’ మండలం. ఈ ముద్ర మీదే చాలా నిర్ణయాలు నడుస్తాయి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అతిగా తోడేస్తున్నట్టు గుర్తించిన చోట కొత్త సాగునీటి బోర్ల మీద ఆంక్షలు పెట్టొచ్చు. ఇప్పుడు ఆ శాతం ఎలా వస్తుందో చూడండి. వానాకాలం ముందు, అంటే మే నెలలో, బావిలో నీటి మట్టం కొలుస్తారు. వానలయ్యాక నవంబర్‌లో మళ్లీ కొలుస్తారు. మట్టం ఎంత లేచిందో చూసి, దాన్ని రాతి పొర నుంచి బయటికి రాగల నీటి శాతంతో గుణిస్తారు. ఈ శాతాన్ని స్పెసిఫిక్ ఈల్డ్ అంటారు. మన గ్రానైట్ ప్రాంతంలో ఇది చాలా చిన్న అంకె. శిథిలమైన గ్రానైట్‌లో బంకమట్టి ఎక్కువుంటే 1.5 శాతం, తక్కువుంటే 3 శాతం అని లెక్కల కోసం ప్రమాణంగా తీసుకుంటారు.

ఒక ఊళ్లో మట్టం 4 మీటర్లు లేచిందనుకుందాం. 1.5 శాతం తీసుకుంటే భూమిలోకి ఇంకింది 60 మిల్లీమీటర్లు. 3 శాతం తీసుకుంటే 120 మిల్లీమీటర్లు. లేచిన మట్టం అదే, ఊరు అదే, నీళ్లు మాత్రం రెట్టింపయ్యాయి. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్లు తోడి, అందులో సగం మళ్లీ మడిలోంచి కిందికి ఇంకిపోతుందని అనుకుంటే, నికరంగా ఖర్చయ్యేది 600. వంద ఎకరాల్లో ఇంకిన నీటితో మొదటి లెక్కలో పది ఎకరాల వరి పండుతుంది, రెండో లెక్కలో ఇరవై ఎకరాలు. పొలంలో మట్టి తవ్వి చూస్తే తేలే విషయం ఒకటి, ఒక మండలానికి ఏ ముద్ర పడుతుందో నిర్ణయిస్తోంది. బంకమట్టి ఎంతుందో చెప్పగలిగేది ఎవరు? సాయిల్ సైన్స్ చదివిన మీరే. మీ గైడ్‌కు ముందు ఈ లెక్క చూపించండి. ‘ఇది ఎకనామిక్స్’ అని అప్పుడు అనలేరు.

ఇది ఇంకుడు వైపు. తోడుడు వైపు ఇంకా అయోమయం. వ్యవసాయ మోటార్లకు మన రాష్ట్రంలో మీటర్లు లేవు. అందుకే బోర్ల సంఖ్యను ఒక్కో బోరు సగటున తోడే నీటితో గుణించి లెక్క వేస్తారు. లేదంటే ఫీడర్‌లో, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లో, పోయిన కరెంటును బట్టి అంచనా కడతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఉచిత కరెంటు వచ్చింది. అప్పట్లో రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలుగా, ఒక్కోసారి అర్ధరాత్రి. రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తనంతట తానే తిరిగేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలూ ఇచ్చారు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రచారం చేశారు. ఎకనామిక్స్ పేపర్లలో చాలావరకు ‘సరఫరా గంటలు’ పెరిగితే తోడకం పెరుగుతుందని రాసుకుంటారు. కానీ మన రాతి నేలలో బోరు ఏం చేస్తుందో మీకు తెలుసు. రెండు గంటలు ధారగా పోసి, ఆ తర్వాత ఆగి ఆగి పోస్తుంది. కరెంటు ఇరవై నాలుగు గంటలున్నా నీళ్లు ఊరితేనే కదా తోడేది. ఎండాకాలంలో మోటారును ఆపేది కరెంటు ఆఫీసు కాదు, కింద ఉన్న రాయి.

ఇక్కడే మీకు బంగారం లాంటి అవకాశం ఉంది. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి. ఎకనామిక్స్ ఎగ్జామినర్ తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ మార్పు ఆ పథకం వల్లే వచ్చిందని ఎలా చెప్పగలవు?’ 2018కి ముందు, తర్వాత అని పోల్చి బయటపడదామంటే కుదరదు. ఎందుకంటే 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీశారు. 2018 జనవరిలో 24 గంటల కరెంటు వచ్చింది. అదే ఏడాది మే నెలలో ఎకరానికి 4 వేల చొప్పున రైతుబంధు వచ్చింది. ఆపైన ఎత్తిపోతల నీళ్లు, మంచి వానలు. అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఏది దేనివల్లో విడదీయడం కష్టం. కానీ కరెంటు అందరికీ ఒకేలా వచ్చినా, రాయి అందరికీ ఒకేలా లేదు. ఒకే మండలంలో ఒక ఊరి కింద శిథిలమైన పొర మందంగా ఉంటుంది, పక్క ఊరి కింద పలుచగా ఉండి బండ పైకే ఉంటుంది. మందమున్న చోట కరెంటు పెరిగితే తోడకం పెరుగుతుంది, పలుచగా ఉన్నచోట పెరగడం సాధ్యం కాదు, ఎందుకంటే తోడడానికి నీళ్లు లేవు. ఈ తేడానే ఆధారం చేసుకుంటే పథకం ప్రభావాన్ని వేరు చేసి చూపించొచ్చు. ఎకనామిస్టుకు కావలసిన పోలిక జియాలజీ ఇస్తోంది. రెండు సబ్జెక్టులు కలవడం అంటే ఇది. ఒకటి లేకుండా రెండోది నిలబడకూడదు. చెరువుల కింది ఊళ్లు, కాలువ చేరిన ఊళ్లు మాత్రం విడిగా పెట్టుకోండి, లేకపోతే మళ్లీ కలగాపులగం అవుతుంది.

ఈ రాతి పొరల మీద హైదరాబాద్‌లోనే పని జరిగింది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం వాటర్‌షెడ్‌లో ఏళ్ల తరబడి కొలతలు తీశారు. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతం, పూర్తిగా గ్రానైట్, బోర్ల కింద వరి. పై శిథిల పొర ఎంత, కింద పగుళ్ల పొర ఎంత, వరి మడిలోంచి తిరిగి ఇంకేది ఎంత, అన్నీ అక్కడి పేపర్లలో దొరుకుతాయి. మీ లిటరేచర్ రివ్యూ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఫీల్డ్ గురించి నాలుగు మాటలు. రైతు నీళ్లను ఇంచుల్లో చెబుతాడు. ‘రెండించుల నీళ్లు పడ్డయి’ అంటాడు. అది బోరు వేసిన రోజు మాట. ఏప్రిల్‌లో ఆ బోరు ఎంత పోస్తోందో కొలవాలంటే 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మోటారు వేసిన వెంటనే ఒకసారి, గంటకు ఒకసారి, ధార తెగడం మొదలయ్యాక ఒకసారి కొలవండి. ఆ మూడు అంకెల మధ్య తేడా చూస్తే ‘సగటు బోరు’ అనే మాట మీద మీకే అనుమానం వస్తుంది. నీటి మట్టం కొలిచే టేపును నడుస్తున్న బోర్లోకి దించకండి. లోపల పైపు, కేబులు, తాడు ఉంటాయి, ఇరుక్కుపోతుంది. ఆ పొలంలోనో పక్క పొలంలోనో పనిచేయని పాత బోరు ఉంటుంది. దాని మూత తీయించి అందులో కొలవండి. చేతిలో పరికరం పట్టుకుని బోరు దగ్గరికి వెళ్తే రైతు మొదట అడిగేది ‘మీటర్లు పెడ్తరా?’ అని. అది ఉత్త ప్రశ్న కాదు, బతుకు భయం. మీరు ఎవరు, ఏం కొలుస్తున్నారు, ఆ అంకె ఎవరి చేతికి పోతుంది అన్నది ముందే, అందరి ఎదుటా, రైతు వేదికలోనో రచ్చబండ దగ్గరో చెప్పండి. పేర్లు, సర్వే నంబర్లు థీసిస్‌లో రాకుండా చూడండి. అంకెలు వచ్చాక తిరిగి వెళ్లి వాళ్లకు చూపించండి. మీకు సమయమిచ్చిన వాళ్లకు అది కనీస మర్యాద, పైగా మీ లెక్కలో తేడా ఉంటే మొట్టమొదట పట్టుకునేది కూడా వాళ్లే.

శాంపిల్ తీసేటప్పుడు పట్టాదారుల జాబితా పట్టుకుని మొదలుపెట్టకండి. ఇది నేను కమిటీల్లో కూర్చున్నప్పుడల్లా చెప్పే మాట. పట్టా ఒకరిది, దున్నేది ఇంకొకరు. రైతుబంధు పట్టాదారు ఖాతాలోకి వెళ్లింది, మోటారు స్విచ్ వేసేది కౌలు రైతు. జాబితాలో ఉన్న ఆయన హైదరాబాద్‌లో ఉంటారు, యాసంగిలో ఎన్ని తడులిచ్చారని ఆయన్ని అడిగి ప్రయోజనం లేదు. పొలం నుంచి మొదలుపెట్టి మనిషి దగ్గరికి వెళ్లండి. వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈవో)తో కలిసి ఒకరోజు గట్ల మీద తిరిగితే ఏ మడి ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది.

పొలాన్నీ మనిషినీ కలిపి చూసే ఈ పద్ధతికి మంచి నమూనా మన పటాన్‌చెరులోనే ఉంది. మెట్ట ప్రాంత పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను అక్కడ 1972లో పెట్టారు. 1975లో వాళ్లు ఊళ్ల అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల్లోని ఊళ్లు అందులో ఉన్నాయి. సర్వే చేసేవాళ్లు ఊళ్లోనే కాపురం ఉండేవారు. ఏ మడిలో ఏం వేశారు, ఎంత ఎరువు, ఎన్ని కూలీలు, ఇంటికి ఎంత అప్పు, అన్నీ అదే కుటుంబాల నుంచి ఏళ్ల తరబడి రాసుకున్నారు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఈ ఊళ్లలోనే రైతులతో నిజమైన డబ్బు పెట్టి పందెం ప్రయోగాలు చేశాడు. నష్టభయాన్ని రైతు ఎలా చూస్తాడో కొలవడానికి అది దారి వేసింది. ఆ డేటా పరిశోధకులకు అందుబాటులో ఉంది. జిల్లా స్థాయి పంటల డేటా కూడా ఇక్రిశాట్ దగ్గర ఏళ్లవారీగా సర్ది పెట్టి ఉంది. ఫీల్డ్‌కి వెళ్లేముందు రెండు నెలలు వాటితో కుస్తీ పట్టండి, మీ ప్రశ్న పదును తేలుతుంది.

భూగర్భ జలాలు మరీ దూరం అనిపిస్తే మీ డిగ్రీకి ఇంకా దగ్గరి అంశం ఒకటి చెబుతాను. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డు పథకం. నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు ఒక మట్టి నమూనా, వర్షాధారమైతే 10 హెక్టార్లకు ఒకటి అని గ్రిడ్ పెట్టారు. 2015-16 వ్యవసాయ గణనలో తెలంగాణ సగటు కమతం ఒక హెక్టారు. అంటే వర్షాధార గ్రిడ్‌లో సుమారు పదిమంది రైతులకు ఒకే నమూనా. మన దక్కన్ నేల తీరు తెలుసు కదా, మెట్ట మీద ఎర్ర చెల్క, దిగువన నల్లరేగడి. రెండూ ఒకే గ్రిడ్‌లో పడొచ్చు. ఆ గ్రిడ్‌లో తేడా ఎంతుందో మీరు పది నమూనాలు తీసి చూపించగలరు. దాంతో ఆపకండి. కార్డులో ‘యూరియా తగ్గించండి’ అని రాసినా, 45 కిలోల బస్తా 266.50 రూపాయలకు దొరుకుతుంటే, భాస్వరం, పొటాష్ బస్తాలు దానికి ఎన్నో రెట్లుంటే, రైతు ఏ మాట వింటాడు? సలహా ఒకవైపు లాగుతోంది, ధర ఇంకోవైపు. సలహాలోని తప్పు ఎంత, ధర ఒత్తిడి ఎంత అని విడదీస్తే అది చక్కటి థీసిస్.

పత్తి గులాబీ రంగు పురుగు కథ కూడా ఈ కోవదే. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో. పురుగు బీటీని తట్టుకునే శక్తి తెచ్చుకోకుండా చుట్టూ బీటీ కాని పత్తి కొన్ని వరుసలు వేయాలి. దానికోసం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల విడి ప్యాకెట్ ఇచ్చేవారు. చాలామంది దాన్ని విత్తనేలేదు. పురుగు జన్యుశాస్త్రం కాగితం మీద సరిగ్గానే ఉంది. కానీ రెండెకరాల రైతు వరుసలు వదులుకుంటాడా అన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. పురుగు బీటీకి లొంగకుండా పోయింది. ఆ తర్వాత ఏమైందో ఆదిలాబాద్, వరంగల్ రైతులకు బాగా తెలుసు.

ఇప్పుడు ఎక్కడ చేరాలి అన్న ప్రశ్న. నా సలహా సూటిగా: సాయిల్ సైన్స్‌లోనే చేరండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) పద్ధతి ప్రకారం పీహెచ్‌డీకి మేజర్ సబ్జెక్ట్‌తో పాటు మైనర్ ఉంటుంది. మేజర్ 12 క్రెడిట్లు, మైనర్ 6, సపోర్టింగ్ 5. ఆ మైనర్‌ను అగ్రికల్చరల్ ఎకనామిక్స్ తీసుకోండి. అప్పుడు మీ అడ్వైజరీ కమిటీలోకి ఒక ఎకనామిస్టు నియమం ప్రకారమే వస్తారు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. సపోర్టింగ్ కోర్సుల్లో స్టాటిస్టిక్స్ గట్టిగా చదవండి. మామూలు యూనివర్సిటీలో చేరితే యూజీసీ 2022 నిబంధనల కింద బయటి సంస్థ నుంచి కో-సూపర్‌వైజర్‌ను పెట్టుకోవచ్చు. మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, ఎన్‌జీఆర్‌ఐ, ఇక్రిశాట్, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం సెస్, అన్నీ హైదరాబాద్‌లో, దాని చుట్టుపక్కలే ఉన్నాయి. ఇంత దగ్గరగా ఇన్ని సంస్థలు దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంటాయి. కానీ ఇద్దరు గైడ్లనూ ఆర్నెల్లకు ఒకసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టండి. విడివిడిగా కలుస్తుంటే ఒకరు పెంచమన్న చాప్టర్‌ను ఇంకొకరు కొట్టేయమంటారు, మధ్యలో మీకు టెన్షన్.

కాలం విషయంలో జాగ్రత్త. యూజీసీ ఫెలోషిప్ అయితే మొదట జూనియర్ (జేఆర్‌ఎఫ్) కింద నెలకు 37 వేలు, తర్వాత సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద 42 వేలు, గరిష్ఠంగా అయిదేళ్లు. వినడానికి చాలానే ఉన్నట్టుంటుంది, కానీ మీ పని వానల మీద ఆధారపడింది. మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌తో పోతుంది. అప్పుడే కనీసం మే, నవంబర్ మట్టాలు కొలవడం మొదలుపెట్టకపోతే ఒక సీజన్ పోయినట్టే, దాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు. ఒక ఏడాది వాన కుంభవృష్టి, తర్వాతి ఏడాది కరువు అయితే మీ డేటాకు అదృష్టమే, మూడేళ్లూ ఒకేలా కురిస్తే భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (నీటి మట్టం కొలవడానికే వేసిన బోర్ల) పాత రికార్డు మీద ఆధారపడాల్సి వస్తుంది. అందుకే మీ ఊళ్లను ఆ పీజోమీటర్లున్న చోట్లకు దగ్గరగా ఎంచుకోండి.

ఉద్యోగం సంగతి. నోటిఫికేషన్లు సబ్జెక్టులవారీగా వస్తాయి, డిగ్రీ మీద ఉన్న పేరు చూస్తారు. సాయిల్ సైన్స్ అని ఉంటే ఆ తలుపులేవీ మూసుకోవు. ఎకనామిక్స్ కూడా కలిపి చదవడం వల్ల క్రీడా, మేనేజ్ (వ్యవసాయ విస్తరణ సంస్థ), ఎన్‌ఐఆర్‌డీ (గ్రామీణాభివృద్ధి సంస్థ) లాంటి చోట ప్రాజెక్టుల్లో మీకు అదనపు బలం ఉంటుంది, ఎందుకంటే పొలంలో కొలిచి, ఆ కొలతను ఫైల్ భాషలో చెప్పగలిగేవాళ్లు వాళ్లకు నిజంగా కావాలి. రెండు పేపర్లు ప్లాన్ చేసుకోండి. ఒకటి నేల, నీటి జర్నల్‌కు, స్పెసిఫిక్ ఈల్డ్ మీద. రెండోది ఎకనామిక్స్ జర్నల్‌కు, కరెంటు ప్రభావం మీద. రెండోదాంట్లో మొదటిదాని అంకె వాడండి.

గైడ్ దగ్గరికి మళ్లీ వెళ్లేముందు ఒకే పేజీ రాయండి. పైన చెప్పిన 60, 120 లెక్కను మీ మండలం నిజమైన మట్టాలతో వేసి, ఆ మండలం ఏ ముద్ర నుంచి ఏ ముద్రకు మారుతుందో చూపించండి. మే, నవంబర్ మట్టాలు భూగర్భ జల శాఖ దగ్గర దొరుకుతాయి. ఏ మండలం అనుకుంటున్నారో, అక్కడ పీజోమీటర్ ఎక్కడుందో ఇక్కడే రాయండి. లెక్క వేశాక అది కూడా పెట్టండి, చూసి చెబుతాను.